ఎకరం కోటి పలికాక ఇంట్లో ఏమైంది

పెళ్లిచూపుల్లో దాచిన సంగతులు కూడా దస్తావేజు రాయించుకునేటప్పుడు చెప్పక తప్పదు. పెద్దకొడుకు ఎప్పుడు వేరుపడ్డాడు, తాతగారి అప్పు ఎవరు తీర్చారు, కూతురికి పసుపు కుంకుమ కింద ఇస్తామన్న అరెకరం ఇచ్చారా లేదా, అన్నీ నా బల్ల ముందు బయటికొస్తాయి. గుంటూరు జిల్లాలో, రాజధాని గ్రామాలకు దగ్గర్లో ఒక సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా మా నాన్న దస్తావేజులు రాసేవారు. ఆయన తర్వాత నేను రాస్తున్నాను. అమ్మకం, తనఖా, దానం, భాగ పంపకం, హక్కు విడుదల, వీలునామా. ఒక కుటుంబం బాగోగులన్నీ ఈ కాగితాల్లోనే ఉంటాయి. 2014 తర్వాత మా ప్రాంతంలో డబ్బు ఒక్కసారిగా వచ్చిపడినప్పుడు ఇళ్లల్లో ఏం జరిగిందో నేను వీటిలోనే చూశాను.

డబ్బొస్తే మనుషులు మారిపోతారని అందరూ అంటారు. నేను చూసినంతలో మంచివాడు మంచివాడుగానే ఉన్నాడు, పిసినారి పిసినారిగానే ఉన్నాడు. కానీ మన ఇళ్లల్లో తరతరాలుగా నోటిమాట మీద నడిచే ఒప్పందాలు కొన్ని ఉంటాయి. భూమి చవకగా ఉన్నన్నాళ్లూ అవి నిలబడ్డాయి. ధర పెరగగానే కూలిపోయాయి. తగువులన్నీ అక్కడే పుట్టాయి.

భూమి పోయి స్థలం వచ్చింది

2014 సెప్టెంబరు 4న ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు రాజధాని విజయవాడ పరిసరాల్లోనే అని శాసనసభలో ప్రకటించారు. మర్నాటి నుంచే మా వీధిలో కొత్త కార్లు ఆగడం మొదలైంది. లక్షల్లో ఉన్న మెట్ట ఎకరం చూస్తుండగానే కోటి దాటింది. 2015లో రాజధాని కోసం భూసమీకరణ జరిగింది. 29 గ్రామాల నుంచి రైతులు ఇచ్చిన భూమి సుమారు 34 వేల ఎకరాలు. ఎకరం మెట్ట ఇచ్చినవాళ్లకు 1000 గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం. కృష్ణ ఒడ్డున ఏడాదికి మూడు పంటలు పండే జరీబు ఇచ్చినవాళ్లకు 1000 గజాల నివాస స్థలం, 450 గజాల వాణిజ్య స్థలం. వీటికి తోడు పదేళ్లపాటు ఏటా కౌలు. మెట్టకు ఎకరానికి 30 వేలతో, జరీబుకు 50 వేలతో మొదలై ఏడాదికింత పెరిగేలా పెట్టారు. భూమిలేని కూలి కుటుంబాలకు అప్పట్లో నెలకు 2,500 పింఛను.

కాగితం మీద ఇది ఆస్తి లెక్క. ఇంట్లో దీని అర్థం వేరు. అంతకుముందు అన్నదమ్ములిద్దరూ తెల్లారకముందే లేచి ఒకే గట్టు మీద నడిచి పొలానికి వెళ్లేవాళ్లు. ఇద్దరికీ ఒకటే బోరు, నీళ్లకు వంతు. ఒకరికి పత్తి పోతే రెండోవాడు చేబదులిచ్చేవాడు. పోట్లాడుకున్నా రేపు నీళ్ల వంతు దగ్గర మొహమొహాలు చూసుకోక తప్పదు కాబట్టి ఆ పోట్లాట అక్కడితో తీరిపోయేది. భూమి ఇచ్చేశాక వెళ్లడానికి పొలం లేదు. కౌలు డబ్బు ఎవరి ఖాతాలో వాళ్లకు పడుతోంది. ఒకరు విజయవాడలో ఫ్లాటు కొన్నారు, ఇంకొకరు గుంటూరు వెళ్లారు. వీళ్లేమీ గొడవపడి విడిపోలేదు. ఒకరి గుమ్మం ఇంకొకరు తొక్కాల్సిన అవసరం పోయింది, అంతే. అవసరం పోయిన చోట ప్రేమ ఒక్కటే రాకపోకలను నడిపించాలంటే అది చాలా గట్టి ప్రేమ అయి ఉండాలి.

చెల్లెలి సంతకం

ఆడపిల్లకు ఆస్తిలో హక్కు విషయంలో మన తెలుగునాడు దేశానికి ఇరవై ఏళ్లు ముందుంది. ఎన్.టి.రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. ఆనాటికి పెళ్లికాని కూతుళ్లకు పిత్రార్జితంలో కొడుకులతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. దేశమంతటా కూతుళ్లందరికీ ఈ హక్కు 2005 సెప్టెంబరు 9న వచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలన్న షరతేమీ లేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో తేల్చేసింది.

హక్కు అన్నేళ్లుగా ఉన్నా మా ఊళ్లలో అడిగినవాళ్లు తక్కువ. తెలియక అడగలేదని చదువుకున్నవాళ్లు అనుకుంటారు. చాలామందికి తెలుసు. తెలిసే ఒక లెక్క వేసుకున్నారు. అరెకరం వదులుకుంటే పుట్టిల్లు మిగులుతుంది. పురుడు అక్కడ, సంక్రాంతి చీర అక్కడినుంచి, కూతురి ఓణీల వేడుకకు మేనమామ పళ్లెం అక్కడినుంచి. భర్త చేయి చేసుకుంటే నాలుగు రోజులు తలదాచుకునే చోటూ అదే. అన్న కూడా ఆ లెక్కకు ఒప్పుకున్నాడు. ఎవరూ పైకి అనలేదు, ఎక్కడా రాయలేదు. అరెకరం రెండు మూడు లక్షలు చేసే రోజుల్లో అది ఇద్దరికీ న్యాయంగానే తోచింది.

అదే అరెకరం యాభై లక్షలైంది. ఇప్పుడది చెల్లెలి ఇద్దరు పిల్లల చదువు, సొంత ఇల్లు, భర్త అప్పుల నుంచి విముక్తి. ఏటా ఒక చీరతో ఆ లెక్క సరిపోదని ఆమెకు తెలుసు, అన్నకూ తెలుసు. అందుకే ఆమె నోరు తెరవకముందే అతను హడావిడిగా హక్కు విడుదల కాగితం రాయించడానికి వస్తాడు.

అలా ఒక అన్న సత్తెనపల్లి దగ్గర్లో ఉండే చెల్లెల్ని కారులో తీసుకొచ్చాడు. ముసాయిదా ఇంకెక్కడో రాయించి తెచ్చాడు, నేను చక్కగా టైపు చేయిస్తే చాలన్నాడు. అందులో ఐదు లక్షలు ముట్టినట్టు ఉంది. చెల్లెలు కళ్లజోడు పైటతో తుడుచుకుని, వేలు పెట్టి ఒక్కో వరుసా చదువుకుంటూ ఆ అంకె దగ్గర ఆగింది.

"ఇది నాకు ముట్టినట్టు రాశారేంటమ్మా?"

"ముట్టలేదా?"

"అన్నయ్య ఇస్తానన్నాడు."

"ముట్టినట్టు రాస్తే ముట్టి ఉండాలమ్మా. చెక్కు నంబరు లేకుండా ఆ మాట నేను రాయను" అన్నాను.

అన్నకు కోపం వచ్చింది. "నా తోడబుట్టినదానికి నేను ఎగ్గొడతానా? మధ్యలో మీరేంటండీ?" అన్నాడు. చెల్లెలు అతని చేయి పట్టుకుని బయట వేపచెట్టు కిందికి తీసుకెళ్లింది. చాలాసేపు మాట్లాడుకున్నారు. మాటలు వినబడలేదు గానీ, ఆయన రెండుసార్లు తల పట్టుకోవడం కనబడింది. లోపలికి వచ్చాక చెప్పాడు: పత్తికి పురుగు పడ్డ ఏళ్లలో అప్పు తనొక్కడే కట్టాడు, నాన్నకు గుండె ఆపరేషన్ తనే చేయించాడు, చెల్లెలి పెళ్లికి చేసిన అప్పు కూడా ఈ పొలం మీదే తీరింది. ఆమె ఏదీ కాదనలేదు. "అవన్నీ నిజమే అన్నయ్యా. నేను సగం అడగట్లేదు. రేపు వదిన నన్ను గుమ్మంలో చూసి మొహం తిప్పుకుంటే నా చేతిలో ఏదో ఒకటి ఉండాలిగా" అంది.

ఆ రోజు రిజిస్ట్రేషన్ జరగలేదు. కొన్నాళ్లకు వచ్చి 200 గజాల స్థలం ఆమె పేర రాయించి, మిగతాదానికి హక్కు విడుదల రాయించుకున్నారు. ఇప్పటికీ రాకపోకలున్నాయి. ఇద్దరి మాటా నిజమే అయినప్పుడు, ఒక్కటీ రాసి లేనప్పుడు, తగువు కోర్టుదాకా పోకుండా ఆగాలంటే ఇద్దరూ పూర్తిగా మాట్లాడుకోవడం ఒక్కటే దారి. అన్న ఖర్చుకు లెక్క ఉండాలి, చెల్లెలి హక్కుకూ లెక్క ఉండాలి. ఆడపిల్ల అడగగానే ఆశ అని, మగవాడు ఉంచుకుంటే బాధ్యత అని పేర్లు పెట్టడం మానాలి.

సమానంగా పంచినా సమానం కాలేదు

తండ్రి ఉన్న ఇళ్లల్లో ఇంకో చిక్కు వచ్చింది. పొలం పంచుకునే రోజుల్లో పెద్దమనుషులు మంచి చెడ్డ చూసి, వాలు ఉన్న చెక్కకు నాలుగు సెంట్లు ఎక్కువ కలిపి సరిచేసేవాళ్లు. సమీకరణలో స్థలాలు లాటరీలో వచ్చాయి. అన్నదమ్ములు వేర్వేరుగా అంగీకార పత్రాలు ఇచ్చిన చోట ఒకరికి పెద్దరోడ్డు మీద మూల స్థలం, ఇంకొకరికి లోపల వీధిలో. గజాలు సమానమే, విలువలో చాలా తేడా. తప్పు ఎవరిదీ కాదు. అయినా "నీ అదృష్టం బాగుంది" అన్న మాట దగ్గర మొదలై, "నాన్న నీకే మంచి సర్వే నంబరు ఇచ్చాడు" అనే దాకా పోతుంది. ముప్పై ఏళ్ల కింద నాన్న ఎవరిని కాన్వెంటులో చదివించాడో అప్పుడు గుర్తొస్తుంది.

అన్నిటికంటే బాధపెట్టినవి ఆలస్యంగా వచ్చిన అదృష్టాలు. ఒక ఇంట్లో అన్న 2012లో కూతురి పెళ్లికోసం ఎకరం తమ్ముడికే అమ్మాడు, ఆనాటి ధరకే. మోసమేమీ లేదు, ఆ దస్తావేజు మా దగ్గర రాసిందే. మూడేళ్లు తిరక్కుండా ఆ ఎకరానికి 1250 గజాలొచ్చాయి. అన్న ఒక్క మాట అనలేదు. తమ్ముడింటికి రావడం మాత్రం మానేశాడు. చట్టప్రకారం అతనికి గజం కూడా రాదు.

తమ్ముడి భార్యే కదిలింది. నా ముందు కూర్చుని భర్తతో, "బావగారు కష్టంలో అమ్మారు, మనం కష్టంలో కొనలేదు. వాళ్ల పిల్లాడి పేర 200 గజాలు రాద్దాం" అంది. తమ్ముడు బల్ల మీద సిరా మరక వేలితో రుద్దుతూ కూర్చున్నాడు. చాలాసేపటికి "రాయండమ్మా" అన్నాడు. దాన దస్తావేజు రాశాను. అన్నగారి కొడుకు సంతకం పెట్టడానికి వచ్చి పిన్ని కాళ్లకు దండం పెట్టాడు. మా ప్రాంతానికి వచ్చిన డబ్బుతో జరిగిన మంచిపనుల్లో నేను ముందు చెప్పుకునేది ఇదే.

చేయి చాచే చుట్టాలు

భూమితో వచ్చిన సంపదకు ఒక మేలుంది, వారసులెవరో తెలుసు. లాటరీ డబ్బుకు ఆ హద్దు కూడా లేదు. 2022లో కేరళ ఓణం బంపర్ లాటరీలో 25 కోట్ల బహుమతి గెలిచిన తిరువనంతపురం ఆటో డ్రైవరు కొద్ది రోజులకే, సాయం అడిగేవాళ్ల తాకిడికి ఇంట్లో ఉండలేక బంధువుల ఇళ్లలో తలదాచుకుంటున్నానని, గెలవకపోయినా బాగుండేదని పత్రికలవాళ్లకు చెప్పుకున్నాడు. మా ఊళ్లలోనూ చిన్న స్థాయిలో ఇదే జరిగింది. ఇవ్వకపోతే గర్వం అంటారు, ఇస్తే ఇంకా ఇవ్వలేదంటారు. తట్టుకున్నవాళ్లు రెండు పనులు చేశారు. అప్పుగా ఇచ్చినది అప్పుగా నోటు రాయించుకున్నారు, సాయంగా ఇచ్చినది తిరిగి రాదనుకునే ఇచ్చారు. రెంటినీ కలిపినవాళ్లు డబ్బుతో పాటు చుట్టాన్నీ పోగొట్టుకున్నారు.

అమ్మానాన్నలు ఎక్కడ ఉండాలి

కొత్త డబ్బులో నేను చూసిన పెద్ద ప్రమాదం ముసలివాళ్లది. "ఎలాగూ వాడిదేగా" అని ఉన్నదంతా కొడుకు పేర రాసేస్తారు. అంతవరకు ఇంటి యజమానిగా ఉన్న మనిషి సంతకం పెట్టి బయటికొచ్చేసరికి ఇంట్లో అతిథి అవుతాడు. కోడలు కాఫీ ఆలస్యంగా ఇస్తే కూడా ఆస్తి ఇచ్చేసినందుకే అనిపిస్తుంది. నిజంగా అందుకే కావచ్చు, కాకపోవచ్చు. ఆ అనుమానమే మనిషిని తినేస్తుంది.

అందుకే రాసి ఇచ్చేటప్పుడు జీవితాంతం అనుభవ హక్కు తమకే ఉంచుకోమని నా దగ్గరికి వచ్చే పెద్దవాళ్లందరికీ చెబుతాను. ఆస్తి పిల్లలదవుతుంది, తాము బతికున్నంతకాలం ఇల్లూ అద్దే తమవి. తమను చూసుకోవాలన్న షరతు కూడా దస్తావేజులోనే స్పష్టంగా ఉండాలి. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలో 23వ సెక్షన్ ఉంది. చూసుకోవాలన్న షరతు మీద ఆస్తి రాసిచ్చాక పిల్లలు చూడకపోతే ఆ దస్తావేజును రద్దు చేయించుకోవచ్చు. ఆర్డీవో స్థాయి అధికారి ఉండే ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవాలి. షరతు కాగితంలో ఉంటే పని తేలిక. కొడుకు బాధపడతాడేమోనని రాయించని తల్లులే ఎక్కువ. రాయించిన ఇళ్లల్లో కొడుకు బాధపడటం నేను చూడలేదు. మంచి కొడుక్కి ఆ వాక్యంతో పని ఉండదు.

ధర పడినప్పుడు

2019 డిసెంబరు 17న శాసనసభలో ఒక్క రాజధాని బదులు మూడు రాజధానుల మాట వచ్చింది. ధరలు కూలిపోయాయి. స్థలాలు చూపించి అప్పు తెచ్చినవాళ్లు ఇరుక్కున్నారు. కట్నంగా స్థలం ఇస్తామని కుదుర్చుకున్న పెళ్లిళ్లలో వియ్యంకుల మధ్య మాటలు ముదిరాయి. ఐదేళ్ల ముందు "నా వాటా" అంటూ నా బల్ల ముందు అరుచుకున్న తోడికోడళ్లు తుళ్లూరు, మందడంలో రైతుల నిరసన శిబిరాల్లో ఒకే చాప మీద కూర్చోవడం కూడా చూశాను. 2022 మార్చి 3న రాజధానిపై హైకోర్టు తీర్పు, 2024లో ప్రభుత్వ మార్పు, 2025 మే 2న ప్రధాని చేతుల మీదుగా రాజధాని పనుల పునఃప్రారంభం. ధర మళ్లీ లేచింది. తగువులూ మళ్లీ లేచాయి.

ధర ఎక్కినా దిగినా కదలకుండా నిలబడ్డ కుటుంబాలు నాకు తెలిసినవి ఉన్నాయి. ఒక ఇంట్లో ముగ్గురు అన్నదమ్ములు, ఇద్దరు అక్కాచెల్లెళ్లు. భూమి ఇవ్వకముందే తల్లి అందరినీ పిలిపించింది, అల్లుళ్లను కూడా. ఎవరి పెళ్లికి ఎంత ఖర్చయింది, ఎవరి చదువుకు ఎంత, నాన్న వైద్యానికి ఎవరెంత పెట్టారు, అన్నీ లెక్కల పుస్తకంలో రాయించింది. వచ్చే స్థలాలను ధర కట్టి పంచుకోవాలని, మంచి స్థలం తీసుకున్నవాళ్లు మిగతావాళ్లకు తేడా ఇవ్వాలని, ఒక స్థలం తల్లి పేరే ఉండాలని అందరూ ఒప్పుకున్నారు. ఆ రోజు ఒక అల్లుడు అలిగి భోజనం చేయకుండా వెళ్లాడు. తర్వాత పంపకమప్పుడు అదే అల్లుడు సాక్షి సంతకం పెట్టాడు. ఈ ఇంటివాళ్లు పక్కింటివాళ్లకంటే గొప్ప మనుషులేం కాదు. ధర వచ్చేలోపే కూర్చున్నారు.

అందుకే చదివేవాళ్లందరినీ చేతులు జోడించి అడుగుతున్నాను. మీ ఊరికి రోడ్డు వస్తుందో, ఫ్యాక్టరీ వస్తుందో, విమానాశ్రయం వస్తుందో మీకు తెలియదు. వచ్చాక కూర్చుంటే ప్రతి మాటకూ లక్షల విలువ ఉంటుంది, ఎవరూ తగ్గరు. ఇప్పుడే, అమ్మానాన్నలు ఆరోగ్యంగా ఉండగానే కూర్చోండి. ఆడపిల్లల్ని పిలవండి, సంతకానికి మాత్రమే కాకుండా మాటకు కూడా. తండ్రి స్వార్జితం ఆయన ఇష్టం, ఎవరికైనా రాయొచ్చు. పిత్రార్జితంలో ఆయన వాటా వరకే ఆయన ఇష్టం. వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఇద్దరు సాక్షులు చాలు. దానానికీ హక్కు విడుదలకూ మాత్రం రిజిస్ట్రేషన్ చేయించండి. ఇచ్చే డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి. సంతకం పెట్టేముందు కాగితం అందరూ వినేలా పైకి చదివించండి. అది చదువుతున్నప్పుడు ఇంట్లో ఎవరైనా తల దించుకుంటే, ఆ రోజుకు సంతకాలు ఆపేయండి.